ఇద్దరు ఓక్విక్‌లు

గురువారం పొద్దున్న పదకొండు గంటలకు, పూర్తి స్పృహలో ఉండి, చేతిలో కాఫీ కప్పు పట్టుకుని, గున్‌వోర్ అరవై ముగ్గురు ఆడవాళ్ల గొంతు నొక్కేసింది. నొక్కింది కంప్యూటర్ తెరమీది బటనే. పోయినవి మాత్రం నిజంగా గొంతులే.

ఫ్లోరొ రేవులో చేపల గిడ్డంగి పైఅంతస్తున ఆమె, ఆమె యజమాని యూస్టైన్ కలిసి నడిపేది ఒక వెబ్ హోటల్. హోటల్ అనగానే మీకు ఇడ్లీ గుర్తొస్తే తప్పు మీది కాదు, నాకూ మొదట్లో అదే గుర్తొచ్చింది. ఊళ్లోవాళ్ల వెబ్‌సైట్లకు చోటిచ్చి, వాళ్ల ఉత్తరాలు అందుకుని భద్రం చేసే కంపెనీని నార్వేలో అలాగే పిలుస్తారు. అతిథులు నాలుగు వందల పైచిలుకు. కంట్రోల్ ప్యానెల్ అంటే ఆ హోటల్ తాళాల గుత్తి అనుకోండి. ఎవరి గది నిండింది, ఎవరి ఉత్తరాల పెట్టె పొంగుతోంది, ఎవరు తమ తాళంచెవి తామే పారేసుకున్నారు, అన్నీ ఒక్క తెరమీద కనిపిస్తాయి. ఏ గదికైనా తాళం తీయొచ్చు, ఏ గదినైనా నేలమట్టం చేయొచ్చు. గున్‌వోర్ ఆరేళ్లుగా ఆ గుత్తి మోస్తోంది, ఇంతవరకూ ఎవరి గిన్నె కూడా పగలగొట్టలేదు.

ఆ నెలలో అతిథులందరినీ పాత యంత్రంలోంచి కొత్త క్లౌడ్ సర్వర్‌కి మార్చారు. ఇల్లు మారాక అట్టపెట్టెలు మిగిలినట్టు, సర్వర్ మారాక ఖాళీ డొల్లలు మిగులుతాయి. ముఖ్యంగా ఓ-కారం అతిథులకు. నార్వే అక్షరమాలలో చిట్టచివర ఒక అక్షరం ఉంది, నెత్తిన సున్నా పెట్టుకున్న ఇంగ్లిషు ఎ. పలికేది ఓ అని. నూరేళ్ల కిందట దాన్నే రెండు ఎ-లు పక్కపక్కన పెట్టి రాసేవారు. ప్రభుత్వం రాత మార్చింది, చాలామంది మారారు, కొందరు మొండివాళ్లు మారలేదు. చదివేవాడి కంటికి మాత్రం రెండూ ఒకటే. మనం అరసున్న ఉన్న 'వాఁడు'నీ లేని 'వాడు'నీ ఒకేలా చదివేసినట్టు, వాళ్ల కన్నూ అక్కడ ఆగదు. ఆగేది యంత్రం ఒక్కటే. దానికి సున్నా ఎ వేరు, జంట ఎ వేరు. అందుకే మార్పిడిలో ఓ-కారం పేరున్న ప్రతి అతిథీ రెండుసార్లు నమోదయ్యాడు, ఒకసారి సున్నాతో, ఒకసారి జంటతో. ఒకటి ప్రాణమున్నది, ఒకటి డొల్ల. ఉత్తరాలు వచ్చిపోయేది ఏదో చూసి, రెండోదాన్ని చెరిపెయ్యాలి. గున్‌వోర్ పొద్దుటినుంచి పదిహేడు జంటలు చూసి పదిహేడు డొల్లలు ఊడ్చింది.

పద్దెనిమిదో జంట ఓక్విక్. జంట ఎ ఓక్విక్ ఆమెకు బాగా తెలుసు, మరీ బాగా. పడవ ఇంజన్లు బాగుచేసే సిగ్మున్ ఓక్విక్. అతని ఉత్తరాల పెట్టె నాలుగేళ్లుగా నిండే ఉంది. నెలనెలా ఆమె హెచ్చరిక పంపుతుంది, అతను నెలనెలా పట్టించుకోడు. సున్నా ఓక్విక్ గదిలోకి పద్నాలుగు నెలలుగా ఎవరూ అడుగుపెట్టలేదు. ఇది సిగ్మున్ డొల్లే అనుకుంది. ఇంకెవరిదవుతుంది? నిజంగా చెరపాలా, అయితే పేరు టైపు చెయ్యి అంది ప్యానెల్. ఆమె వేళ్లు సున్నా అక్షరాన్ని చక్కగా వెతుక్కుని మరీ టైపు చేశాయి. గదీ, పెట్టే, వాటి నకళ్లూ అన్నీ కలిసి పోయాయి. ఆమె కాఫీ పూర్తిచేసింది.

ఒంటిగంటన్నరకు ఫోను మోగింది.

"అమ్మాయ్, నేను తోర్‌బ్యోర్‌ని. తోర్‌బ్యోర్ ఓక్విక్. నా సైటు కనిపించట్లేదేంటే? ఏదో తెల్ల కాగితం వస్తోంది."

గున్‌వోర్ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఓక్విక్ అంటే... రెండు ఎ-లా?"

"ఛీ, రెండు ఎ-లు ఆ ఇంజన్లవాడివి. మాది సున్నా."

ఆమె పొద్దుటి జాబితా మళ్లీ తెరిచింది. "ఆ సైటులో ఏముంటుంది తోర్‌బ్యోర్?"

"ఏముంటుందేంటి, పిలుపులు! కొండమీద వేసవి దొడ్లలో ఆవుల్ని పిలిచే పిలుపులు. ఒక్కో ఇంటి ఆడదానికి ఒక్కో రాగం. అరవై మూడు. తొమ్మిదేళ్లు పట్టింది పోగుచెయ్యడానికి. అందులో బతికున్నవాళ్లు పదకొండు మందే ఇప్పుడు. ఏం, మీ దగ్గర కరెంటు పోయిందా?"

అవును అనేస్తే సరిపోయేది. సర్వర్ చెడిపోయింది అన్నా సరిపోయేది. సర్వర్లు చెడిపోతాయని లోకమంతా నమ్ముతుంది, నమ్మి జాలిపడుతుంది. ఆ అబద్ధం గున్‌వోర్ నాలుక చివరి దాకా వచ్చింది. "చూసి చెప్తాను" అని మాత్రం అని ఫోను పెట్టేసింది.

యూస్టైన్ కొండమీద జింకల వేటలో ఉన్నాడు. మూడోసారికి ఫోను ఎత్తాడు. "మెల్లిగా మాట్లాడు, ఇక్కడ ఒకటి దగ్గరికొస్తోంది" అన్నాడు. ఆమె చెప్పింది విన్నాక అతనే గట్టిగా అరిచాడు, జింక కాస్తా పారిపోయింది.

"పాత యంత్రంలో ఉంటుంది కదా?" అంది గున్‌వోర్.

"నిన్ననే తుడిచి తిరిగిచ్చేశాం. నువ్వే కదా సంతకం పెట్టావు."

"నేనే."

"మరి ఆవిడకేం చెప్తావు?"

"నిజం చెప్తాను. వెళ్లి చెప్తాను."

"వెళ్లు. ఫోన్లో చెప్పే మాట కాదిది" అన్నాడు యూస్టైన్. "తప్పు నీ ఒక్కదానిదే కాదులే. ఆ జాబితా నేనూ చూశాను. నాకూ ఒక్కటే ఓక్విక్ కనపడింది" అని కూడా అన్నాడు. ఆ మాటకు గున్‌వోర్ ఆ రోజు మొదటిసారి కళ్లు తుడుచుకుంది.

ఓక్విక్ అన్నది రేవుకి అరగంట దూరంలో ఒక చిన్న సముద్రపు వంపు. తోర్‌బ్యోర్ గుమ్మంలోనే నిలబడి ఉంది. డెబ్బై నాలుగేళ్లు, బడిలో పాటలు నేర్పి రిటైరైన మనిషి, వీపు ఇంకా వాద్యం పట్టుకున్నట్టే నిలువుగా ఉంటుంది. రాజుగారిని తప్ప అందరినీ నువ్వు అనే దేశం అది. అయినా ఆ నువ్వులో ఎంత భయం పెట్టొచ్చో ఆ బడిలో చదివినవాళ్లని అడగాలి.

"కూర్చో. హెచ్చరిక లేకుండా ఇంటికొచ్చావంటే విషయం పెద్దదే" అంది తోర్‌బ్యోర్, కాఫీ పోస్తూ.

గున్‌వోర్ కాఫీ ముట్టుకోలేదు. "నేను చెరిపేశాను తోర్‌బ్యోర్. యంత్రం తప్పు కాదు, నాదే. నీ గదిని సిగ్మున్ గది తాలూకు డొల్ల అనుకున్నాను. నకళ్లు కూడా పోయాయి."

తోర్‌బ్యోర్ వాఫెల్ అట్ల మీద గోధుమరంగు జున్ను కోసి పెట్టింది, ఒకటి, రెండు, మూడు, ఎవరూ తినకుండానే. నాలుగోది కోస్తూ ఆగిపోయింది.

"సున్నా ఉన్నదాన్ని చెరిపావా?"

"సున్నా ఉన్నదాన్నే."

"మా తాత తమ్ముడు వింటే ఎగిరి గంతేసేవాడు. ప్రభుత్వం సున్నా పెట్టమంటే మా తాత పెట్టాడు. తమ్ముడేమో, నా పేరు నెత్తిన ఎవడో సున్నా పెడితే ఒప్పుకోనన్నాడు. అప్పట్నుంచి ఆ ఇంజన్లవాడి ఇల్లూ మా ఇల్లూ అంతంతమాత్రమే. నూరేళ్ల తగువు. నువ్వొచ్చి ఒక్క వేలితో తీర్చేశావు." నవ్వబోయింది, నవ్వు రాలేదు. కుర్చీలో కూలబడింది. "మా అమ్మది కూడా అందులోనే ఉందే, పిల్లా."

"నీ కంప్యూటర్లో లేవా? ఉత్తరాల్లో?"

"కంప్యూటర్ నిరుడు చచ్చింది, అప్పట్నుంచి సైటు ఫోన్లోనే చూస్తున్నాను. హోటల్లో ఉన్నాయిగా అని నిశ్చింతగా ఉన్నాను. ఉత్తరాలంటావా? పెట్టె నిండింది, అక్కర్లేనివి చెరపండి అని మీరే కదా రాశారు. నేను మాట వినే మనిషిని. పాటలు సైటులో పెట్టేసి, ఉత్తరాలు శుభ్రంగా చెరిపాను."

ఆ హెచ్చరిక ఉత్తరం రాసింది గున్‌వోరే. మర్యాదగా, ముద్దుగా రాశానని మురిసిపోయింది కూడా. "పంపినవాళ్ల దగ్గర ఉండవా?" అంది నీరసంగా.

"కొందరికి ఫోన్లు మారాయి. కొందరు మనుషులే లేరు." తోర్‌బ్యోర్ జున్ను కత్తిని తుడిచి పక్కన పెట్టింది. "అసలు ఆ పిలుపులు నాకు తిన్నగా ఎప్పుడొచ్చాయి గనక? చర్చి పత్రికలో నా అడ్రసు అచ్చేసినప్పుడు పాత రాత రాసేశారు. రెండు ఎ-లతో. ఊరంతా ఆ కాగితం ఫ్రిజ్‌కి అంటించుకుంది. తొమ్మిదేళ్లూ అన్నీ ఆ ఇంజన్లవాడికే పోయాయి. వాడు నాకు పంపేవాడు. పైన ఒక్కటే మాట రాసి, 'తప్పు' అని. ఇంకేం ఉండదు. నమస్కారం ఉండదు, పేరుండదు. తప్పు!"

గున్‌వోర్ లేచి నిలబడింది. కాఫీ ఒలికింది.

"ఏమైందే?"

"సిగ్మున్ పెట్టె! నాలుగేళ్లుగా నిండి ఉంది. నాలుగేళ్లుగా తిడుతున్నాను ఖాళీ చెయ్యమని!"

తోర్‌బ్యోర్‌కి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చేత్తో నోరు మూసుకుంది.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. గున్‌వోర్‌కి పోయినవారం తాను చేసిన పని గుర్తొచ్చింది. విసిగిపోయి సిగ్మున్‌కి ఆఖరి హెచ్చరిక పంపింది. శుక్రవారం పొద్దున్నకల్లా నువ్వే ఖాళీ చెయ్యి, లేదా ఐదేళ్లు దాటిన ఉత్తరాలు వాటంతటవే చెరిగిపోతాయి అని. ప్యానెల్‌లో ఆ నియమం పెట్టింది కూడా ఆమే. శుక్రవారం అంటే రేపే. ఆమె ఫోనులో ప్యానెల్ తెరిచి, ఆ నియమాన్ని తీసేసింది. తీసేశాక పెట్టె బరువు చూసింది. నిన్నటిదాకా గొంతువరకూ నిండి ఉన్న పెట్టె ఇప్పుడు సగానికి తగ్గింది.

నాలుగేళ్లు మొండికేసిన మనిషి, సరిగ్గా నిన్నే ఆమె మాట విన్నాడు.

"లోపల ఏం మిగిలిందో చూడు మరి, తాళాలన్నీ నీ దగ్గరేగా" అంది తోర్‌బ్యోర్.

"చూడగలను. చూడకూడదు. ఒకరి ఉత్తరాలు వాళ్లని అడగకుండా చదవను. ఈ రోజుకి నేను చేసిన ఘనకార్యం చాలు. పద, అడుగుదాం."

ఫోను చేస్తే సిగ్మున్ ఎత్తలేదు. ఇంజన్ కింద ఉన్నప్పుడు దేవుడు పిలిచినా పలకడని తోర్‌బ్యోర్ చెప్పింది. వంపుకి అవతలి ఒడ్డున అతని షెడ్డు. కారులో ఐదు నిమిషాల దూరం. గున్‌వోర్‌కి దేవుడితో పెద్ద పరిచయం లేదు, అయినా ఆ ఐదు నిమిషాలూ మొక్కుతూనే ఉంది.

సిగ్మున్ పడవ కింద పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రం కనపడుతున్నాయి. "ఎవరూ?" అన్నాడు కాళ్లతోనే అన్నట్టు.

"నేను, వెబ్ హోటల్ గున్‌వోర్‌ని."

కాళ్లు కదిలాయి. నూనె మరకల మొహం బయటికొచ్చింది. ఆమె వెనకాల తోర్‌బ్యోర్‌ని చూసి అతని కనుబొమలు పైకి లేచాయి. ఆ షెడ్డులోకి సున్నా ఓక్విక్‌లు రావడం అదే మొదలు.

"చేశానమ్మా, చేశాను!" అన్నాడు గున్‌వోర్‌తో. "ఉత్తరాలు పంపి పంపి ఆఖరికి ఇంటికే వచ్చేశావా? నిన్న మధ్యాహ్నమంతా కూర్చుని చెరిపాను. చేతులు పడిపోయాయి."

"ఏం చెరిపావు సిగ్మున్?" గున్‌వోర్ అతని ముందుకొచ్చి నిలబడింది. "చెప్పు. ఏం చెరిపావు?"

అతను ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ. "ఇంజన్ల కేటలాగులు. అవే బరువు. ఒక్కోటి ఏనుగంత."

"మరి... ఈవిడవి?"

సిగ్మున్ నేలచూపులు చూశాడు. మొహం ఎర్రబడింది. "అవి నావి కావు కదా. ఊరికే వచ్చిపడ్డవి. మొదట్లో చెరుపుదామనే అనుకున్నాను. చెరిపేముందు ఒకటి విందామని నొక్కాను. అది మా అమ్మది." గుడ్డ మడతపెట్టాడు, విప్పాడు. "తర్వాత ఇంకోటి విన్నాను. ఆ తర్వాత కాఫీ చల్లారిపోయింది. అంతే."

"అయితే ఉన్నాయా?" అంది తోర్‌బ్యోర్.

"ఉండకేం. మధ్యాహ్నం రొట్టె తినేటప్పుడు అప్పుడప్పుడూ వింటూనే ఉంటాను, చాలా ఏళ్లుగా. దాచుకున్నాననుకునేరు. చెరపలేదు, అంతే."

గున్‌వోర్ తిరగేసి ఉన్న బకెట్ మీద కూర్చుని ఏడ్చేసింది. సిగ్గులేకుండా, ముక్కు కారేలా, చిన్నపిల్లలా ఏడ్చింది. నాలుగేళ్లుగా తాను తిట్టుకున్న మొండితనమే తనని కాపాడిందని ఆమెకి తెలుసు, ఆ మాట అతనికి చెప్పేసింది కూడా. "నువ్వు నా మాట విననందుకు థాంక్స్ సిగ్మున్. ఎంత థాంక్స్ అంటే..."

"ఊరుకో, ఊరుకో. మాట విననందుకు నాకెవరూ ఇంతవరకూ థాంక్స్ చెప్పలేదు. మా ఆవిడకి ఫోను చేసి చెప్పు, చాలు" అన్నాడు సిగ్మున్ కంగారుగా.

నార్వేవాళ్లు అన్నిటికీ థాంక్స్ చెబుతారు. అన్నం పెట్టినందుకు, పోయినసారి కలిసినందుకు, తోడు నడిచినందుకు, ప్రతిదానికీ ఒక తయారు మాట ఉంది. తోర్‌బ్యోర్ మాట కోసం వెతుక్కుంది. తొమ్మిదేళ్ల ఉత్తరాలకు, ఒక్కటీ చెరపని రొట్టె వేళలకు సరిపోయే మాట ఆ జాబితాలో లేదు. ఆవిడ నోటికొచ్చింది అనేసింది.

"అన్నిటికీ థాంక్స్ సిగ్మున్."

సిగ్మున్ నోరు తెరిచాడు. గున్‌వోర్ ఏడుపు ఆపి తలెత్తింది. ఆ మాట ఆ దేశంలో సమాధిరాళ్ల మీద చెక్కిస్తారు, బతికున్నవాడితో ఎవరూ అనరు.

"ఒసేయ్ తోర్‌బ్యోర్! నేనింకా పోలేదే. శనివారానికి ఈ ఇంజన్ ఇచ్చెయ్యాలి!"

ముగ్గురూ పగలబడి నవ్వారు. తోర్‌బ్యోర్ నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. నవ్వు తగ్గాక సిగ్మున్ షెడ్డు మూల ఉన్న కంప్యూటర్ ముందు కూర్చుని, నూనె వేళ్లతో ఒక్కో ఉత్తరం తెరిచాడు. గున్‌వోర్ పక్కన నిలబడి ఒక్కోదాన్నీ తోర్‌బ్యోర్ కోసం తెరిచిన కొత్త గదిలోకి ఎక్కించింది, కొత్త ఉత్తరాల పెట్టెని ఆవిడ ఫోనుకి కలిపింది. ఈసారి ఆ గదికి నకలు వేరే ఊళ్లో, వేరే యంత్రంలో రోజూ పడేలా ప్యానెల్‌లో ఏర్పాటు చేసింది. తోర్‌బ్యోర్ ఒక్కో గొంతూ వినగానే పేరు చెప్పింది. ఇది ఇంగెబోర్, ఈవిడకి ఎనిమిది ఆవులు. ఇది హాల్దిస్, కుంటి ఆవు కోసం చివర్లో ఒక కూత ఎక్కువ కూసేది. తోర్‌బ్యోర్ వాళ్లమ్మ గొంతు కూడా వచ్చింది, అప్పట్లో ఎవరో చుట్టం పంపినది. సిగ్మున్ దాన్ని అడగకుండానే రెండోసారి వినిపించాడు.

ఐదు గంటలకు లెక్క చూస్తే అరవై రెండు. ఒకటి తక్కువ.

"ఎవరిది?" అంది గున్‌వోర్.

తోర్‌బ్యోర్ జాబితా చూసింది. "నాదే. నాది నేనే తిన్నగా ఎక్కించాను, వీడికి పోలేదు. పోనీలే. దానికేం, మనిషిని ఉన్నానుగా."

ఆవిడ షెడ్డు గుమ్మం దాటి నీళ్ల ఒడ్డుకి వెళ్లి నిలబడింది. గున్‌వోర్ ఫోను పట్టుకుంది. తోర్‌బ్యోర్ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పిలిచింది. ఆ పిలుపు ముందు సన్నగా మొదలై, పైకి పైకి పోయి, అక్కడ విరిగి, అవతలి కొండని తాకి తిరిగొచ్చింది. ఎదుటి గట్టున మేస్తున్న ఎవరివో రెండు ఆవులు తలలెత్తి చూశాయి. ఒకటి నిజంగానే నాలుగడుగులు వేసింది.

"చూశావా, ఆవులకి సున్నా తేడా లేదు" అన్నాడు సిగ్మున్.

ఇంటికి బయల్దేరేముందు కారులో కూర్చుని గున్‌వోర్ రెండు పనులు చేసింది. సిగ్మున్ పెట్టెకి ఉన్న హద్దు తీసేసింది, ఇక ఎంతైనా పట్టేలా. తర్వాత ఆ అరవై మూడో పిలుపుని ఉత్తరానికి జతచేసి, తోర్‌బ్యోర్ అడ్రసు టైపు చెయ్యబోయి ఆగింది. ఆగి, కావాలనే, రెండు ఎ-లతో టైపు చేసి పంపింది.

మర్నాడు పొద్దున్నే తోర్‌బ్యోర్ ఫోను చేసింది.

"వాడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందే పిల్లా. నా పిలుపు జతచేసి ఉంది."

"ఏం రాశాడు? తప్పు అనేగా?"

"కాదే. తొమ్మిదేళ్ల తర్వాత మాట మార్చాడు." తోర్‌బ్యోర్ ఉత్తరం చూసి చదివింది. "'ఒప్పు' అని రాశాడు. కింద పేరు కూడా పెట్టాడు."